మానేరు నీళ్ల మీద పతంగి ఎగరాలా?

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరికీ పేర్లు పెట్టలేదు. మా ప్రాంతంలో ఇలాంటి మామా అల్లుళ్లు ఊరూరా ఉన్నారు. మామ సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద బతుకు గడిపిన కార్మికుడు. ఆయన అత్తగారి ఊరు మిడ్ మానేరు జలాశయం ముంపులో పోయింది. అల్లుడిది కోరుట్ల. తల్లి బీడీలు చుట్టి పెంచితే పెరిగి, దుబాయి సముద్రపు ఒడ్డున శుభ్రం చేసే పనికి పోయి తిరిగొచ్చాడు. జగిత్యాలలో చుట్టాల ఇంట కలుసుకున్నప్పుడు మాట మాట పెరిగింది. మిడ్ మానేరులో కైట్ సర్ఫింగ్ లాంటి నీటి ఆటకు చోటివ్వాలా వద్దా అన్నది వాదం. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే ఎవరి పక్షమూ పట్టకుండా రెండు గొంతులనూ వినిపిస్తున్నాను.

అల్లుడు: మామా, మొన్న మన్వాడ కట్ట మీద నిలబడి చూసిన. కండ్లానినంత దూరం నీళ్లే. గాలి మొకానికి కొడుతున్నది. దుబాయిల అంత గాలి లేస్తే చాలు, కైట్ బీచ్ ముంగట సముద్రం నిండ పతంగులే. మన దగ్గర మాత్రం జనం కట్టెక్కి, ఫోటో దిగి, ఇంటికి పోతున్నరు. నీళ్లున్నయ్, గాలున్నది, పని లేని పోరగాండ్లున్నరు. ఈ మూడింటిని కలిపే ఆలోచన ఎవ్వరికీ రాకపాయె.

మామ: పతంగులంటే సంక్రాంతికి ఎగరేసేటియేనా?

అల్లుడు: అవి చేతిల ఉంటయ్. ఇవి మనిషినే గుంజుకపోతయ్. తొమ్మిది, పన్నెండు చదరపు మీటర్ల గుడ్డ, దాని ముందటి అంచు పొడుగునా గాలి నింపిన గొట్టం. బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అని ఇద్దరు ఫ్రాన్స్ అన్నదమ్ములు 1984ల ఆ గొట్టం పతంగికి పేటెంట్ రాసుకున్నరు. అంతకుముందు పతంగి నీళ్లల్ల పడితే పని ఖతం. గొట్టంల గాలుంటే అది మునుగది, నీళ్ల మీదికెల్లే మళ్ల లేస్తది. ఇరవై మీటర్లకు పైన పొడుగున్న నాలుగు తాళ్లు, చేతిల ఒక కడ్డీ, నడుముకు పట్టీ, కాళ్ల కింద పలక. కడ్డీని దగ్గరికి గుంజితే బలం పెరుగుతది, దూరం నూకితే తగ్గుతది. 2024ల పారిస్ ఒలింపిక్స్‌ల దీన్ని మొదటిసారి పెట్టిండ్రు. పోటీలు మార్సేల్ రేవుల జరిగినయ్. ఆడోళ్లల్ల బ్రిటన్ పిల్ల ఎల్లీ ఆల్డ్రిడ్జ్, మొగోళ్లల్ల ఆస్ట్రియా పిలగాడు వాలెంటిన్ బోంటుస్ బంగారం కొట్టిండ్రు.

మామ: మంచిదే. ఆటను నేను తప్పంటలేను. ఆ ఆటకు ఎసుంటి నీళ్లు కావాలెనో చెప్పు ముందు.

అల్లుడు: నేర్చుకునేటోనికి నడుము లోతు నీళ్లు కావాలె. అడుగున ఇసుక ఉండాలె, అలలు ఉండొద్దు. గంటకు ఇరవై రెండు కిలోమీటర్లకెల్లి నలభై దాక ఒక్క తీరుగ వీచే గాలి ఉండాలె. అందుకే సముద్రానికీ నేలకూ నడుమ ఉండే లోతులేని ఉప్పునీటి సరస్సుల కాడ ఈ ఆట బాగ పెరిగింది. శ్రీలంకల కల్పిటియ అసుంటిదే. మనోళ్లు రామేశ్వరం యాత్ర పోతరు కద, ఆ దిక్కు లోతులేని నీళ్లల్ల కూడ నేర్పుతున్నరు. పడ్డోడు లేచి నిలబడుతడు, పతంగి సదురుకుంటడు, మళ్ల మొదలు పెడుతడు. భయం పోవాలంటే కాళ్లకు నేల అందాలె మామా.

మామ: ఇగ మన మానేరు సంగతి చెప్పుకుందాం. ఇరవై అయిదు గేట్ల డ్యాం అది. 318 మీటర్ల మట్టం దాక నింపితే దాదాపు 27 టీఎంసీలు పడుతయ్. కట్ట కాడ ఎంత లోతో నీకెర్కేనా? నడుము లోతు అంటివి, అది దొరికేది వెనుక నీళ్లల్ల, ఊర్లు మునిగిన కాడ. ఆ నీళ్ల అడుగున ఇసుక లేదు బిడ్డా. గోడలున్నయ్. చింతల్‌ఠాణా, అనుపురం, రుద్రవరం, కొడుముంజ, సంకెపల్లి, చీర్లవంచ, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి. ఎన్ని పేర్లు చెప్పాలె? ఇండ్ల పునాదులు, బాయి ఒరలు, కొట్టేసిన చెట్ల మొద్దులు, కరెంటు స్తంభాల మొదళ్లు అట్లనే ఉన్నయ్. నీ పతంగి మనిషిని ఎత్తి కింద పడేస్తే వాడు ఎవరి ఇంటి మొగురం మీద పడుతడు?

అల్లుడు: అట్లైతే సర్వే చేయించాలె. అడుగు సాపున్న జాగ చూసి, దాని సుట్టు తేలే గుర్తులు పెట్టాలె. లోకంల ఎక్కడన్నా చేసేది అదే.

మామ: నీళ్లు ఒక్క మట్టంల నిలబడితే గద, గుర్తులు పెట్టేది? ఇది సముద్రం కాదు, సాగునీటి చెరువు. గాలి ఎప్పుడొస్తది మనకు? రోహిణి పోయి మిరుగం కార్తె దాటినంక, జూన్, జూలైల, నైరుతి గాలి. అప్పటికి మానేరు నీళ్లు ఎక్కడుంటయ్? యాసంగి పొలాలకు, ఊర్ల తాగునీళ్లకు పోయి అడుగంటుతయ్. మునిగిన గుడి గోపురాలు బయటవడుతయ్. మా అత్తగారి ఊరోళ్లు ఆ నెలలనే పోయి తమ గడప ఏడుండెనో వెతుక్కుంటరు. మళ్ల నీళ్లు నిండేది ఆగస్టు, సెప్టెంబర్ల. అప్పటికి గాలి మెత్తబడుతది. గాలున్నప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు గాలుండదు. దీన్ని ఏ సర్వే మారుస్తది?

అల్లుడు: ఈ మాటకు నా దగ్గర సగం జవాబే ఉన్నది. హైదరాబాదుల హుస్సేన్ సాగర్ మీద ఏటా వానకాలంల తెరచాప పడవల పోటీలు పెడుతరు, సికింద్రాబాద్ మిలిటరీ ఈఎంఈ వాళ్లు ఎన్నో ఏండ్లకెల్లి చేస్తున్నరు. దక్కన్ పీఠభూమి మీద గాలి లేదనే మాట నిలబడది. పతంగికి చాలని గాలి తెరచాపకు చాలుతది. ఆగస్టుకెల్లి నవంబర్ దాక నీళ్లు నిండుగున్నప్పుడు చిన్న తెరచాప పడవలు, తెడ్డు పడవలు నడుపొచ్చు. పతంగి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మామ: అప్పుడే పతంగి తెరచాప ఆయె. రేపు తెరచాప మోటరు బోటు అయితది. ఎల్లుండి నీళ్ల మీద హోటల్ లేస్తది. నా భయం ఆట మీద కాదు, ఆట ఎనుక వచ్చేదాని మీద. గాలి తెంపులు తెంపులుగ వస్తది ఇక్కడ. సముద్రం మీదికెల్లి అడ్డం లేకుంట వచ్చే గాలి కాదు. గుట్ట తాకి, చెట్టు తాకి, తిరిగి తిరిగి వస్తది. ఒక్కసారి గుంజితే మనిషి ఒడ్డు మీది కరెంటు తీగల పడుతడు. సంక్రాంతి మాంజాకే గొంతులు తెగుతున్నయ్. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017ల దేశమంతట నిషేధించింది, అయినా ఆగలే. ఇగ మనిషి బరువు మోసే తాడు ఎదురుంగ వచ్చే చేపల పడవకు తాకితే?

అల్లుడు: అందుకే ఆ ఆటకు కట్టడి ఉంటది. గాలి దిగే దిక్కు రెండు తాళ్ల పొడుగంత జాగ ఖాళీగ ఉండాలె. ఒక్కసారి నూకితే పతంగి బలం మొత్తం పోయే మీట నడుము పట్టీ కాడ ఉంటది. పరీక్ష పాసైన నేర్పరి పక్కన లేంది కొత్తోన్ని దించరు. మామా, మానేరుల ప్రతి ఎండకాలం పిల్లలు ఈత రాక సచ్చిపోతున్నరు. అక్కడ ఏ ఆటా లేదు, ఏ నేర్పరీ లేడు, ఒక్క లైఫ్ జాకెట్ లేదు. కట్టడి ఉన్న నీళ్లు మంచియా, కాపలా లేని నీళ్లు మంచియా?

మామ: ఈ ఒక్క మాట నా గుండెకు తాకింది. ఈత నేర్పుడు మీద నీతో నాకు పేచీ లేదు. కానీ నువ్వు అడుగుతున్నది ఈత బడి కాదు గద. నువ్వు దుబాయిల చూసింది ఇక్కడ పెట్టాలంటున్నవ్. అక్కడ నువ్వేం చేసినవ్? చెప్పు.

అల్లుడు: తెల్లారకముందు ఇసుక ఊడ్చేది. చెత్త డబ్బాలు గుంజేది. కాళ్లు కడుక్కునే నల్లాల కాడ పాచి రుద్దేది. ఎండకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడింటి దాక బయట పని చేయించొద్దని ఆ దేశంల చట్టం ఉన్నది. ఆ గంటల్ల నీడకు కూసుండి సముద్రం దిక్కు చూసేది. పొద్దు వాలంగ గాలి లేసేది, పతంగులు లేసేయి.

మామ: ఒక్కనాడన్నా నువ్వు పతంగి పట్టినవా?

అల్లుడు: లేదు. ఒక్క సెట్టు కొనాలంటే మన పైసల్ల లక్ష దాటుతది. నేర్చుకునేటందుకు గంటకింత అని ఫీజు. నేను ఇంటికి పంపేది అందుల ఎంతకొస్తది?

మామ: అదీ నేను చెప్పేది. అక్కడ వాళ్లు ఆడితే నువ్వు ఊడ్చినవ్. ఇక్కడ పెడితే హైదరాబాదుకెల్లి కార్లల్ల వచ్చేటోళ్లు ఆడుతరు, ముంపు ఊర్ల పోరగాండ్లు ఊడుస్తరు. ఊరు ఇచ్చినోడు, పొలం ఇచ్చినోడు తన సొంత నీళ్ల ఒడ్డున చీపురు పట్టుకొని నిలబడుతడు. దానికి నువ్వు కొలువు అని పేరు పెడుతవ్.

అల్లుడు: మామా, నేను కొలువు గురించి ఇంకా అననే లేదు. ఆట గురించే అంటున్న. మనకు తీరిక ఎవ్వరూ ఇయ్యలే అని నువ్వే ఎన్నోసార్లు అన్నవ్. సాంచె పన్నెండు గంటలు, బీడీ ఆకు తెల్లారినుంచి రాత్రి దాక, గల్ఫుల ఓవర్ టైం. మా అమ్మ ఒక్క పూటన్నా నీళ్ల ఒడ్డున ఊకెనే కూసున్నదా? ఆటలు పైసలున్నోళ్లయి అని మనమే ఒప్పుకుంటే, మన పిల్లలకు మిగిలేది చూసుడే. యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అని హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్నది. పేద ఇండ్ల పిల్లలను తీసుకొచ్చి తెరచాప పడవలు నేర్పిండ్రు. ఆ పిల్లలు దేశం పోటీల్ల మెడల్స్ తెచ్చిండ్రు. పడవ ఎవరిదో కాదు, పిల్ల చేతికి అది అందుతదా లేదా అన్నదే నాకు ముఖ్యం.

మామ: మెడల్ తెచ్చిన పిల్లలు నలుగురుంటరు. మిగిలిన ఊరుకేం వస్తది?

అల్లుడు: మారిషస్ దీవి సంగతి విను. అక్కడ ల మోర్న్ అని ఒక కొండ ఉన్నది. దాని కింద పగడపు దిబ్బల అడ్డంతోటి ఏర్పడ్డ లోతులేని నీలి నీళ్లు. లోకంల ఈ ఆటకు పేరుపడ్డ జాగల్ల అదొకటి. ఆ దీవిల తెలుగోళ్లు ఉన్నరు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990ల అక్కడ్నే పెట్టిండ్రు. ఆట వచ్చిందని ఆ దీవి చెడిపోయిందా?

మామ: ఆ తెలుగోళ్లు అక్కడికి ఎట్ల పోయిండ్రో నాకు తెలుసు. లైబ్రరీల చదివిన. బానిసత్వం రద్దు చట్టం వచ్చినంక చెరుకు తోటలకు మనుషులు కావాలెనని, 1834కెల్లి మన దేశపోళ్లను ఒప్పందం కాయితం మీద గుర్తు పెట్టించి ఓడలెక్కించిండ్రు. మనోళ్లు కోరంగి రేవు దిక్కుకెల్లి పోయిండ్రు. నువ్వు జగిత్యాలల ఏజెంట్ ముంగట సంతకం పెట్టినట్టే వాళ్లూ పెట్టిండ్రు. నువ్వు చెప్పిన ఆ ల మోర్న్ కొండ మీద ఎవరు దాక్కున్నరో ఎర్కేనా? తోటలకెల్లి పారిపోయిన బానిసలు. అందుకే 2008ల యునెస్కో ఆ కొండను లోకపు వారసత్వ స్థలమన్నది. కూలీలు దిగిన ఘాట్‌ను అంతకుముందే, 2006ల గుర్తించిండ్రు.

అల్లుడు: ఆ దీవోళ్లు నీళ్లల్ల ఆట ఆడుకోనిచ్చిండ్రు, కొండ కథనూ చెరిగిపోనియ్యలే. రెండూ ఒక్క జాగల నిలబడ్డయ్.

మామ: నిలబడ్డయ్, ఒప్పుకుంట. ఎందుకు నిలబడ్డయ్? ఆ కథను రాయి మీద చెక్కిండ్రు, బడిల చెప్తున్నరు. మరి మన దగ్గర? మానేరు కట్ట పొడుగునా నడువు. డ్యాం పేరు ఉంటది, మట్టం ఉంటది, ప్రారంభించినోళ్ల పేర్లుంటయ్. మునిగిన ఊర్ల పేర్లు ఏడున్నయ్? ఇంకో ఇరవై ఏండ్లకు చింతల్‌ఠాణా నీళ్ల కింద ఎక్కడుండెనో చెప్పేటోడు ఉండడు. అప్పుడు వచ్చే టూరిస్టు అది దేవుడిచ్చిన సరస్సు అనుకుంటడు. ముందు ఊర్ల పేర్లు రాయిద్దాం. ఆట తర్వాత.

అల్లుడు: ఇది మంచి మాట. ఈ పని నేను చేస్త. ఊరూరి మ్యాపులు, పాత ఫోటోలు ఇంకా ఇండ్లల్ల ఉన్నయ్. నీళ్ల ఒడ్డున ప్రతి ఊరు ఉన్న దిక్కుకు ఒక రాయి పెట్టొచ్చు. పడవ మీద పోయే పిల్లగానికి ఇప్పుడు మనం కొదురుపాక మీదికెల్లి పోతున్నమని చెప్పొచ్చు. నీళ్ల మీద మనిషి తిరిగితేనే అడుగున ఏమున్నదో అడుగుతడు మామా. ఎవ్వరూ దిగని నీళ్ల గురించి ఎవ్వరూ అడుగరు.

మామ: మరి అందులనే బతికేటోళ్ల సంగతి? మానేరుల గంగపుత్రులు, ముదిరాజులు వలలేస్తున్నరు. సొసైటీలు ఉన్నయ్, సర్కారు చేపపిల్లలు వదులుతది. సాగుభూములు పోయినంక చానా ఇండ్లు ఆ చేప మీదనే నడుస్తున్నయ్. వల ఏడ వేసిండ్రో నీ పతంగి మనిషికి కనబడదు. పలక కింది రెక్క వలకు తాకితే వల చినుగుతది. ఎవడు కడుతడు?

అల్లుడు: ఆట పెడితే నీళ్ల మీద బతికేటోళ్లకేమైతదన్న ఇదే ఆలోచన పులికాట్ గురించి నాకు ఒకసారి వచ్చింది. తెలుగు నేల మీద నడుము లోతు ఉప్పునీటి సరస్సు అంటే అదే. ఎన్నో చోట్ల ఒక్క మీటరు లోతు కూడ ఉండది, సముద్రపు గాలి నేరుగ తాకుతది. పుస్తకంల చూస్తే ఈ ఆటకే పుట్టినట్టుంటది. కానీ అక్కడ ఈ ఆట వద్దని నేనే అంట. చలికాలం రాజహంసలు వేల కొద్ది దిగుతయ్, అది పక్షుల అభయారణ్యం. పైన అంత పెద్ద గుడ్డ ఆడితే పక్షికి గద్ద వచ్చినట్టే, మేత ఇడిసి లేస్తది. లేసిన ప్రతిసారి ఒంట్లె బలం పోతది. ఊరూరి జాలర్లు ఆ సరస్సు మీదనే ఆధారపడ్డరు, పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం. జర్మనీల కూడ వాడెన్ సముద్రం ఒడ్డున పక్షుల కోసమే ఈ ఆటను కొన్ని జాగలకే కట్టడి చేసిండ్రు. అన్ని నీళ్లూ ఆటకే అని నేను అంటలేను.

మామ: పక్షికి ఇచ్చిన మర్యాద మన జాలరికి కూడ ఇయ్యి.

అల్లుడు: ఇస్త. వలలు వేసే జాగ, వేసే యాళ్ల వాళ్లే చెప్పాలె, మిగిలిన జాగలనే ఆట. అంతేకాదు, నేర్పేటోళ్లు, పడవ నడిపేటోళ్లు వాళ్ల పిల్లలే కావాలె. ఆ నీళ్ల గుణం వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుస్తది? ఇగ ఇంకో సంగతి చూపెట్టాలె నీకు. అక్కడ చినిగిన పతంగి ఒకటి చెత్తల పారేస్తే దాని ముక్క తెచ్చిన. ఇది చూడు.

మామ: ఇయ్యి ఇటు. ఊఁ... పాలిస్టరే. పోగు మస్తు సన్నం. గ్రాము తూగుతదో తూగదో. నేత మాత్రం మామూలు సాదా నేత కాదు. చూసినవా, పడుగుల కొన్ని పోగులకొకసారి జోడు పోగు, పేకల కూడ అట్లనే జోడు పిక్కు. అందుకే గుడ్డంత చిన్న చిన్న గళ్లు కనిపిస్తున్నయ్. ఒక కాడ చినిగితే ఆ చినుగు జోడు పోగు దాక పోయి ఆగుతది. బాగ ఆలోచించి నేసిండ్రు. పైన ఏదో పూత కూడ పోసిండ్రు, ఉబ్బలేదు, గాలి ఇటుకెల్లి అటు పోతలేదు.

అల్లుడు: దీన్ని రిప్ స్టాప్ అంటరు. జపాన్ల టెయిజిన్ కంపెనీ ఈ గుడ్డకు పేరు మోసింది. చదరపు మీటరుకు యాభై గ్రాముల చుట్టుపట్టు తూగుతదట. పతంగి ముందటి గొట్టానికి దీనికన్నా మూడింతలు దొడ్డు పాలిస్టర్ గుడ్డ వాడుతరు. పాలిస్టర్ నేసుడంటే సిరిసిల్లనే గద మామా. ఒడ్డున ఊడ్చుడు తప్ప మనకేం దొరుకుతది అని అడిగినవ్. ఇదీ జవాబు. లోకంల ఎక్కడ పతంగి ఎగిరినా గుడ్డ మన సాంచెలది ఎందుకు కావొద్దు?

మామ: ఎందుకంటే నాకు సాంచె గురించి తెలుసు కాబట్టి. జోడు పిక్కు వేసుడు పెద్ద పని కాదు, డాబీ పెట్టి ఒక్క జాలల రెండు పిక్కులు కొట్టియ్యొచ్చు. తిప్పలు అక్కడ లేదు. ఇంత సన్నపు పోగును మా పాత నాడె సాంచె తట్టుకోది, గడియకోసారి తెగుతది. దీనికి కొత్త మిషన్లు కావాలె. నేసినంక ఒత్తి, పూత పోసి, ఎండకు, ఉప్పుకు ఆగేటట్టు చేసేది ఇంకో ఫ్యాక్టరీ పని. మా నేత గుడ్డల ఒక్క పిక్కు తప్పితే సేటు కూలిల కోస్తడు. ఇందుల ఒక్క పిక్కు తప్పితే పైనున్నోని పానం పోతది. ఇంకొకటి, ఇది కొనేటోడు ఎవడు?

అల్లుడు: నల్ల విజయ్ అగ్గిపెట్టెల పట్టే చీర నేసింది సిరిసిల్లలనే గద. అంత నేర్పున్న ఊరు ఇది నేయలేదా?

మామ: అది మగ్గం మీద ఒక్క మనిషి నేర్పు. నేను దానికి దండం పెడుత. వెయ్యి మీటర్లు మొదటికెల్లి చివరిదాక ఒక్క తీరుగ నేసుడు వేరే నేర్పు. అది ఒక్క మనిషి చేతుల లేదు. మిషను, నూలు, పరీక్ష పెట్టే గది, కొనే పార్టీ అన్నీ ఒక్కకాడ ఉండాలె. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమైతదో మాకు బాగ తెలుసు. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది. సాంచెలు రాత్రింబవళ్లు నడిచినయ్, కండెలు చుట్టే ఆడోళ్లకు, వైపని కార్మికులకు చేతినిండ పని. 2024ల ఆ ఆర్డర్ రాలే. షెడ్లకు తాళాలు పడ్డయ్. తర్వాత మహిళా సంఘాల చీరల పని వచ్చింది, కొంచెం ఊపిరి ఆడింది. ఆర్డర్ వస్తే బతుకుడు, రాకుంటే ఆగుడు. ఇంత అనుభవం ఉన్నోన్ని పతంగి గుడ్డ నమ్ముకొమ్మంటే ఎట్ల నమ్ముత?

అల్లుడు: నువ్వు చెప్పిందే నా వాదానికి బలం మామా. ఒక్క చీర మీద, ఒక్క సర్కారు మీద బతికే ఊరు ఇంకో గుడ్డ నేర్చుకోవాలె. రిప్ స్టాప్ అంటే పతంగి ఒక్కటే కాదు. వాన కోటు, గుడారం, బ్యాగు, పారాచూట్ దాక ఆ నేత గుడ్డ వాడుతరు. దొడ్డు రకం నుంచి మొదలు పెట్టొచ్చు. పానం మీదికి రాని వాన కోటు గుడ్డ ముందు, పతంగి చివరికి. ఇంకో పని ఉన్నది, రిపేరు. చినిగిన పతంగిని కుట్టి, అతుకు పెట్టి, గొట్టం మార్చి ఇచ్చేటోళ్లకు ఈ ఆట ఆడే ప్రతి ఊర్ల పని ఉంటది. పెద్దూరు అపారల్ పార్కుల మిషన్ల మీద కుట్టే మన ఆడబిడ్డలకు ఆ కుట్టు నేర్చుకునుడు ఎంత సేపు?

మామ: రిపేరు మాట నమ్మబుద్ధి అయితున్నది. కుట్టు పని చేతుల ఉన్నది, పెట్టుబడి తక్కువ. వాన కోటు గుడ్డ కూడ ఆలోచించొచ్చు. ఇది చీపురు కన్నా వేరే తొవ్వ. ఇట్లాంటి మాట ముందే చెప్పి ఉంటే ఇంత సేపు కొట్లాడకపోదుము.

అల్లుడు: అయితే మానేరు మీద పతంగికి ఒప్పుకున్నట్టేనా?

మామ: లేదు. జూన్, జూలై నీళ్లల్ల పతంగి వద్దు. గోడల నడుమ మనిషిని గాలికి వదిలిపెట్టొద్దు. ఈ మాట మీద నేను కదల. ముంపు ఊర్ల పేర్లు రాళ్ల మీద పడాలె. ఆ ఊర్ల పిల్లలకు, వేములవాడ, బోయినపల్లి బడుల పిల్లలకు ఫీజు లేకుంట ఈత నేర్పాలె. జాలర్ల సొసైటీ తీర్మానం చేయంది ఒక్క పడవ దిగొద్దు. ఒడ్డు మీద జాగ ఎవ్వరికీ లీజుకు పోవద్దు. ఇయన్ని అయినంక, నీళ్లు నిండిన నెలల్ల తెరచాప పడవ నడుపుకోండ్రి. నేను కూడ వచ్చి కూసుంట.

అల్లుడు: నువ్వు చెప్పినయన్నీ ఒప్పుకుంటున్న. కానీ నా మాట కూడ ఒకటి నిలబడాలె. పతంగి మన పిల్లలది కాదు అని మాత్రం అనొద్దు. మా బిడ్డకు గాలి అంటే భయం లేదు. దానికి నేర్పియ్యాలెనని నా ఆశ. నేను చూసుకుంట ఆగిన కాడ అది ఆగొద్దు.

మామ: ఆ ఆశను నేనెందుకు ఆపుత? పిల్లను రామేశ్వరం పంపు. నడుము లోతు నీళ్లల్ల, నేల అందే కాడ, మంచి నేర్పరి దగ్గర నేర్చుకోనియ్యి. ఖర్చుల నా వంతు నేనిస్త. గాలి ఎట్ల చదువాలెనో, తాడు ఎట్ల పట్టాలెనో నేర్చుకొని రానియ్యి.

అల్లుడు: వచ్చినంక మానేరు మీద ఆడుతనంటే?

మామ: అప్పుడు ఆ పిల్లను, వరదవెల్లి దిక్కు వలలేసే జాలరిని, ముంపు కాలనీల ఉన్న పెద్దమనిషిని ఒక్కకాడ కూసోబెట్టు. ఏ నెలల ఎంత మట్టం ఉంటదో జాలరి చెప్తడు. ఎక్కడ ఏ గోడ ఉన్నదో పెద్దమనిషి చెప్తడు. ఎంత గాలికి ఎంత పతంగి కావాలెనో పిల్ల చెప్తది. ముగ్గురు కలిసి అవునంటే అవును, కాదంటే కాదు. ఆ నీళ్ల మీద ఏం ఆడాలెనో తేల్చే హక్కు వాళ్లది. నీదీ నాదీ కాదు, టెండరు కాయితం పట్టుకొని వచ్చేటోనిది అసలే కాదు.